తూకం అంతే ఉంది, మనిషి మాత్రం తగ్గాడు: డయాలసిస్ వాళ్ల బీపీని, సత్తువను ఇంట్లో కనిపెట్టుకోవడం ఎలా

ఆలూరు వైపు నుంచి తొలి బస్సుకు కర్నూలు వచ్చి డయాలసిస్ చేయించుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడనుకోండి. ఆరు నెలల కింద డాక్టరు రాసిన డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీళ్లన్నీ తీసేశాక ఉండాల్సిన తూకం) 52 కేజీలు. ఇవాళ్టికీ మిషన్ మీద నుంచి దిగేసరికి 52 దగ్గరే ఉంటున్నాడు. కాగితం చూస్తే అంతా సవ్యమే. మనిషిని చూస్తే బనియన్ భుజం మీద నుంచి జారుతోంది, మొలతాడు వదులై కిందికి దిగింది, కణతలు లోపలికి పోయాయి. ఒంట్లో కండ కరిగింది, ఆ బరువు మేరకు నీళ్లు చేరాయి. అందుకే తూకంలో తేడా రాలేదు.

ఇంట్లోవాళ్లు సాధారణంగా బీపీని ఒక బాధగా, నీరసాన్ని ఇంకో బాధగా చూస్తారు. బీపీకి మాత్ర, నీరసానికి గ్లూకోజు. డయాలసిస్ వాళ్లలో ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుని పోతాయి. కండ తగ్గినా డ్రై వెయిట్ పాతదే ఉంటే ఒంట్లో నీళ్లు మిగిలిపోయి బీపీ పెరుగుతుంది. నీళ్లు ఒక్కసారిగా లాగితే బీపీ పడిపోతుంది. పడిపోయిన రోజు మనిషి ఇంటికొచ్చి పడకేస్తాడు, తినడు, తిరగడు. తినకపోతే కండ ఇంకా పోతుంది. మళ్లీ మొదటికొస్తుంది. ఈ చుట్టును తెంచే పనులు కొన్ని ఆస్పత్రివి, చాలా మటుకు ఇంటివి. ఇంటివి ఏమిటో వరసగా చూద్దాం.

బీపీ పడిపోవడం ఎందుకో ముందు తెలుసుకోండి. మిషన్ నీళ్లు లాగేది రక్తంలో నుంచి మాత్రమే. కాళ్లల్లో, ఒంట్లో చేరిన నీళ్లు మెల్లగా రక్తంలోకి ఊరాలి. మన బోరు బావే చూడండి, ఊట కంటే మోటారు ఎక్కువ లాగితే గాలి తన్నుతుంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువగా ఉన్నవాళ్లకు ఈ ఊట మరీ నెమ్మది. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకు రక్తనాళాలు సమయానికి బిగుసుకోవు. గుండె బలహీనంగా ఉంటే సరేసరి. బక్కచిక్కిన పెద్దవాళ్లకే బీపీ ఎక్కువగా పడిపోవడానికి కారణాలు ఇవి.

1. ఒక నోటుబుక్కు పెట్టండి

పిల్లల పాత నోటుబుక్కు చాలు. ప్రతి డయాలసిస్‌కు ఒక వరస: తేదీ, ఎక్కే ముందు తూకం, దిగాక తూకం, ఎన్ని లీటర్లు తీశారు, ముందు బీపీ, అన్నిటికన్నా తక్కువ పడిన బీపీ, దిగాక బీపీ, ఏమైనా ఇబ్బంది వచ్చిందా. ఈ అంకెలన్నీ యూనిట్ చార్టులో ఉంటాయి. సిస్టర్‌ను అడిగితే చెబుతారు. అడగడానికి మొహమాటపడొద్దు.

తూకం ప్రతిసారీ ఒకే రకం బట్టలతో, చెప్పులు విప్పి, భుజం మీద తువ్వాలు తీసి చూడాలి. చలికాలం స్వెట్టరు, జేబులో సెల్‌ఫోను, చిల్లర కలిసి అరకేజీ పైన లెక్క తప్పిస్తాయి. ఆ అరకేజీని కూడా నీళ్లనుకుని మిషన్ లాగేస్తుంది.

2. ఇంట్లో బీపీ చూడండి, నిలబెట్టి కూడా చూడండి

ఆస్పత్రిలో సూదులు గుచ్చే ముందు చూసిన బీపీ ఒక్కదాన్ని పట్టుకుని మాత్రలు పెంచడం సరైన పద్ధతి కాదు. నీళ్లు నిండుగా ఉన్న గంట అది, పైగా భయం. డయాలసిస్ లేని రోజున ఇంట్లో చూసిన అంకెలే డాక్టరుకు ఎక్కువ పనికొస్తాయి. చేతికి కట్టే ఎలక్ట్రానిక్ మిషన్ ఒకటి కొనుక్కోండి. మణికట్టుకు పెట్టేది వద్దు, భుజం కింద కట్టేదే తీసుకోండి.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ ఎప్పుడూ కట్టకూడదు. అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోబెట్టండి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. మాట్లాడించొద్దు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. ఉదయం మాత్రలకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి.

తర్వాత చాలామంది చేయని పని ఒకటుంది. లేచి నిలబెట్టి, మూడు నిమిషాల లోపల మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే, లేవగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. కూర్చున్నప్పుడు 150 ఉండి, నిలబడితే 118కి వచ్చే మనిషికి 150 చూసి ఇంకో మాత్ర కలిపితే ఏమవుతుందో ఆలోచించండి. బాత్రూములో పడతాడు. డయాలసిస్‌లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఇచ్చిన రోజు తలకు దెబ్బ తగిలితే లోపల రక్తం కారే భయం కూడా ఉంటుంది.

3. నీళ్ల లెక్క వేసుకోండి

రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు డ్రై వెయిట్‌లో నూటికి నాలుగు, నాలుగున్నర వంతులు దాటకుండా చూసుకోవాలి. 52 కేజీల మనిషికి అది రెండు కేజీల పైచిల్లర. నీళ్లు లాగే వేగానికీ ఒక హద్దుంది: గంటకు, కేజీ బరువుకు 13 మిల్లీలీటర్లు. 52 కేజీలకు గంటకు 676, నాలుగు గంటలకు సుమారు 2.7 లీటర్లు. ఇదే మనిషి నాలుగు కేజీలు పెరిగి వచ్చి, నాలుగు గంటల్లో అంతా తీసేయమంటే గంటకు ఒక లీటరు లాగాలి. అంటే కేజీకి 19 మిల్లీలీటర్లు. బీపీ పడిపోకుంటే ఆశ్చర్యపోవాలి.

అలా ఎక్కువ పెరిగి వచ్చిన రోజు గంట ఎక్కువ ఉంచమని గానీ, ఇంకో రోజు అదనంగా రమ్మంటారా అని గానీ అడగండి. మనవైపు దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. ఎమ్మిగనూరు బస్సు వెళ్లిపోతుందని, పత్తికొండ ఆటో ఆగదని అరగంట ముందే దించేయమని బతిమాలతారు. నాలుగు గంటల పని మూడున్నర గంటల్లో చేయాలంటే మిషన్ ఇంకా వేగంగా లాగాలి, లేదా నీళ్లు ఒంట్లోనే మిగలాలి. వేరే షిఫ్టుకు మార్చుకోండి గానీ సమయం మాత్రం కోయించుకోవద్దు. వారానికి మూడుసార్లకు బదులు రెండుసార్లతో సరిపెట్టుకునేవాళ్లకు ఈ మాట రెట్టింపు వర్తిస్తుంది, వాళ్లకు మధ్యలో ఎడం ఎక్కువ కాబట్టి.

4. సత్తువ పరీక్ష, నెలకొకసారి

2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం పెద్దవాళ్ల సత్తువ తగ్గడానికి అయిదు గుర్తులు చెప్పింది: తెలియకుండా బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, పనీపాటా తగ్గిపోవడం. మూడు, అంతకు మించి కనిపిస్తే సత్తువ బాగా తగ్గినట్టు. ఒకటి, రెండు ఉంటే ఆ దారిన పడినట్టు. డయాలసిస్ వాళ్లలో మొదటి గుర్తును నీళ్ల బరువు దాచేస్తుంది కాబట్టి మిగిలిన వాటి మీదే ఎక్కువ కన్ను పెట్టాలి.

డయాలసిస్ లేని రోజు ఉదయం రెండు పరీక్షలు చేయండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, అయిదుసార్లు లేచి కూర్చోమనండి. సెల్‌ఫోనులో టైము చూడండి. 15 సెకండ్లు దాటితే కాళ్లలో బలం తగ్గింది. చేతులు ఆనించకుండా లేవలేకపోతే అదీ రాయండి. రెండోది, వసారాలో నాలుగు మీటర్ల దూరం ముగ్గుతో గీసి మామూలు నడకతో నడిపించండి. అయిదు సెకండ్లు, అంతకన్నా ఎక్కువ పడితే నడక మందగించినట్టే. పక్కనే మీరుండాలి, పడబోతే పట్టుకునేంత దగ్గరలో.

దీనికి తోడు కొలత టేపుతో పిక్క చుట్టుకొలత చూసుకోండి. వాపు లేని రోజు, అదే కాలు, అదే చోట. బిందె ఎత్తగలుగుతోందా, మూత తిప్పగలుగుతున్నాడా, గుడి మెట్లు ఎక్కగలుగుతున్నారా అన్నవి కూడా కొలతలే.

5. అంకెలను కలిపి చదవండి

నోటుబుక్కుకు అసలు పని ఇక్కడ. నెల రోజుల వరసలు చూస్తే ఏదో ఒక తీరు బయటపడుతుంది.

తూకం అంతే ఉండి, పిక్క సన్నబడి, ఇంట్లో బీపీ పెరుగుతూ, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతూ, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తూ ఉంటే డ్రై వెయిట్ ఎక్కువగా ఉన్నట్టు అనుమానించాలి. దాన్ని తగ్గించాలి, అదీ ఒక్కసారి కాదు, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా. ఇలాంటి మనిషికి బీపీ మాత్రలు పెంచుకుంటూ పోవడం చూస్తుంటాం. మాత్ర నీళ్లను తీయదు. పైగా మిషన్ మీద బీపీని ఇంకా కిందికి లాగి, నీళ్లు తీయనివ్వదు.

దీనికి ఎదురుగా ఇంకో తీరు. జబ్బు తేరుకుని ఆకలి పుట్టింది, ముఖం నిండుకుంది, నాలుగు మెతుకులు ఎక్కువ తింటున్నాడు. కానీ డయాలసిస్ చివరి గంటలో పిక్కలు పట్టేస్తున్నాయి, బీపీ పడిపోతోంది, ఇంటికొచ్చాక గొంతు బొంగురుపోతోంది. పెరిగింది కండ, దాన్ని నీళ్లనుకుని లాగుతున్నారు. ఇక్కడ డ్రై వెయిట్ పెంచాలి.

ఎక్కేటప్పుడు బీపీ 180, మిషన్ మీద మధ్యలో 90, మధ్య బరువు (రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగినది) మూడు నాలుగు కేజీలు అంటే అది వంటింటి సంగతి, కింద ఏడో భాగంలో ఉప్పు మాట చూడండి. మధ్య బరువు పెద్దగా పెరగకుండానే, ఇంట్లో కూడా కొత్తగా బీపీ తగ్గుతోంటే మాత్రం ఆగొద్దు. గుండె, ఇన్‌ఫెక్షన్, రక్తం పోవడం, ఈ మూడూ చూడాలి.

ఇంకో తీరు అందరినీ తికమకపెడుతుంది: మిషన్ మీద బీపీ పడకపోగా పెరుగుతుంది. చాలా మటుకు ఒంట్లో నీళ్లు ఇంకా మిగిలి ఉండటమే కారణం. రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ వల్ల కూడా బీపీ పెరగొచ్చు.

6. డయాలసిస్ రోజు

బీపీ మాత్రలు ఆ ఉదయం వేయాలా, దిగాక వేయాలా అని మాత్రల పట్టీలు చేతికిచ్చి ఒక్కొక్కటీ అడిగి రాయించుకోండి. అటెనొలాల్ లాంటివి డయాలసిస్‌లో కొట్టుకుపోతాయి, ఆమ్లోడిపిన్ పోదు. అందుకే అన్నిటికీ ఒకే మాట చెల్లదు. మీ అంతట మీరు మానేయడం వద్దు.

ఇంటి దగ్గర తిని బయల్దేరండి. మిషన్ మీద ఉండగా కడుపునిండా తింటే రక్తం కడుపు వైపు మళ్లి బీపీ పడిపోతుంది. తరచూ బీపీ పడేవాళ్లు ఆ నాలుగు గంటలూ ఉగ్గాని, బజ్జీల పొట్లం తెరవకపోవడం మంచిది. షుగర్ ఉన్నవాళ్లు చిన్న తిండి ఏదైనా దగ్గర పెట్టుకుని, సిస్టర్‌ను అడిగి తినాలి.

పక్కన కూర్చున్న మీకు మిషన్ గంట కొట్టకముందే కొన్ని తెలుస్తాయి. వరసగా ఆవలింతలు రావడం. నుదుట చెమట. మాట తగ్గడం, వికారం, కళ్లు మసకబారడం. ఆవలింతను నిద్ర అనుకుని దుప్పటి కప్పకండి, టెక్నీషియన్‌ను పిలవండి. వాళ్లు నీళ్లు లాగడం ఆపి, తల దించి కాళ్లు ఎత్తి, అవసరమైతే సెలైన్ ఇస్తారు. షుగర్ ఉంటే వేలికి సూది గుచ్చి చూడమనండి, షుగర్ పడిపోయినా చెమటలే పడతాయి. ఆ మగతలో నోట్లో నీళ్లు పోయకండి.

ప్రతిసారీ పడుతోంటే ఒక మాట అడగొచ్చు: మిషన్ ద్రవం వేడి కొంచెం తగ్గించి, 36 డిగ్రీల దగ్గర పెట్టి చూస్తారా అని. చలిగా అనిపిస్తుంది గానీ రక్తనాళాలు బిగుసుకుని బీపీ నిలబడటానికి సాయపడుతుంది. ఖర్చు లేని పని.

దిగాక వెంటనే లేపకండి. కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు మంచం మీదే కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి బీపీ చూడమనండి. బాగా పడితే మళ్లీ పడుకోబెట్టాలి, బస్సు పోతే పోనీ. సూది చోట కట్టు మరీ బిగుతుగా ఉండకూడదు. బీపీ తక్కువ, కట్టు బిగుతు కలిస్తే ఫిస్టులాలో రక్తం గడ్డకట్టవచ్చు. రోజూ పొద్దున, రాత్రి వేళ్లు ఆనించి జుమ్మనే అదురు ఉందో లేదో చూడండి. అదురు ఆగిందంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోను చేయాలి.

7. ఉప్పు ముందు, నీళ్లు తర్వాత

'నీళ్లు తాగొద్దు' అని పెద్దాయన మీద రోజంతా అరిచే ఇళ్లల్లో కూడా ఉప్పు గురించి ఎవరూ మాట్లాడరు. సుమారు 8 గ్రాముల ఉప్పు ఒంట్లోకి పోతే ఒక లీటరు నీళ్లను పట్టి ఉంచుతుంది. ఉప్పు తిన్నవాడికి దాహం ఆపడం ఎవరి తరం? రోజుకు మొత్తం అయిదు గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు, ఇంట్లో వండినవన్నీ కలిపి.

మన రాయలసీమ తిండిలో ఉప్పు సంగటి ముద్దలో ఉండదు, దాని పక్కన ఉంటుంది. ఊరుబిండి, ఊరగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎర్రకారం. ఇవి ఆపితే సగం పని అయినట్టే. కూరలో ఉప్పు తగ్గించి నిమ్మరసం, జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీరతో రుచి తెచ్చుకోవచ్చు. అంగట్లో దొరికే 'తక్కువ సోడియం' ఉప్పు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అందులో సోడియం బదులు పొటాషియం వేస్తారు, కిడ్నీ పనిచేయని మనిషికి అది గుండె ఆపేసే పదార్థం.

నీళ్ల కొలత: రోజులో వచ్చే మూత్రం ఎంతో అంత, దానికి పైన అరలీటరు నుంచి ముప్పావు లీటరు. మజ్జిగ, టీ, రసం, రాగి జావ, సద్ది నీళ్లు అన్నీ ఈ లెక్కలోవే. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టి, చిన్న గ్లాసుతో ఇవ్వండి. నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మడం, ఒక ఐసు ముక్క చప్పరించడం పనిచేస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, అనంతపురం ఎండలకు ఈ లెక్కలు కాస్త మారతాయి. చెమట పోయి మధ్య బరువు తక్కువ పెరగొచ్చు, బీపీ తేలిగ్గా పడొచ్చు. అలాంటప్పుడు కొబ్బరినీళ్లు, చీనీకాయ రసం 'చలవ' అని పోయడమే పెద్ద ప్రమాదం, రెండిట్లోనూ పొటాషియం ఉంది. ఎండలో బయటికి పంపకుండా నీడపట్టున ఉంచి, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం మేలు.

8. కండకు తిండి

కిడ్నీ జబ్బు మొదట్లో 'పప్పు, గుడ్డు తగ్గించండి' అని డాక్టరు చెప్పి ఉంటారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ మాట మారిపోతుంది, ఇంట్లో మాత్రం పాత మాటే నడుస్తూ ఉంటుంది. డయాలసిస్ మనిషికి రోజుకు కేజీ బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 52 కేజీలకు 52 నుంచి 62 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, ఒక్క తెల్లసొనలో 3.5 దాకా. తెల్లసొనలో ఫాస్ఫరస్ (కిడ్నీ పనిచేయకపోతే ఒంట్లో పేరుకునే ఖనిజం) తక్కువ కాబట్టి రోజుకు రెండు మూడు ఇవ్వడం సులువైన దారి. నాటుకోడి అయితే ముక్కలు పెట్టి పులుసు తగ్గించండి, ఉప్పూ నీళ్లూ పులుసులోనే ఉంటాయి. మాంసం తినని ఇళ్లల్లో పప్పు, పెరుగు, పనీరు ఎంత మేరకు అన్నది రక్తపరీక్షలో పొటాషియం, ఫాస్ఫరస్ చూపించి డైటీషియన్‌తో తేల్చుకోవాలి. చెనక్కాయలు గుప్పెడు గుప్పెడు నమలడం మానాలి, అనంతపురం వాళ్లకు కష్టమైన మాటే.

డయాలసిస్ రోజు సాయంత్రం తిండి పోదు. అందుకే ఆ ఉదయం, మర్నాడు బాగా తినిపించండి. నెలనెలా ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ ఎంతో నోటుబుక్కులో రాయండి.

9. నడిపించండి

పడకే విశ్రాంతి అనుకుంటే కాళ్లు పోతాయి. డయాలసిస్ లేని రోజుల్లో పొద్దున చల్లపూట పది నిమిషాల నడక, ఉదయం సాయంత్రం కుర్చీలో నుంచి అయిదేసి సార్లు లేవడం. మిషన్ మీద మొదటి రెండు గంటల్లో, బీపీ బాగుంటే, పాదాలు ఆడించడం, మోకాలు ముడిచి చాపడం చేయొచ్చు. గుండె నొప్పి ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే. ఫిస్టులా చేత్తో బరువు మోయించొద్దు, మెత్తటి బంతి నొక్కడం పర్వాలేదు.

10. ఆగకూడని సందర్భాలు

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, పడుకోలేనంత ఆయాసం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, మాట తడబడటం, తలకు దెబ్బ, ఫిస్టులా నుంచి ఆగని రక్తం (వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి), మెడ దగ్గర క్యాథెటర్ (డయాలసిస్ గొట్టం) ఉన్నవాళ్లకు చలితో వణుకు, కాళ్లు చేతులు ఒక్కసారిగా సత్తువ లేకుండా పోవడం. వీటిలో ఏది వచ్చినా 108కి ఫోను చేసి, 'డయాలసిస్ పేషెంటు' అన్న మాట మొదట చెప్పండి. కాళ్లు చేతులు సడలిపోతే పొటాషియం పెరిగి ఉండొచ్చు, అప్పుడు డయాలసిస్ ఉన్న ఆస్పత్రికే పోవాలి. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ బాటిల్ ఎక్కించుకోవడం అసలు వద్దు, ఆ నీళ్లు బయటికి పోయే దారి లేదు.

11. డాక్టరు ముందు అయిదు నిమిషాలు

కర్నూలు, అనంతపురం, కడప పెద్దాస్పత్రుల్లో రద్దీకి డాక్టరు మీకు ఇచ్చేది అయిదు నిమిషాలే. 'నీరసంగా ఉంది సార్' అంటే బలం మాత్ర రాస్తారు. దానికి బదులు నోటుబుక్కు తెరిచి పెట్టి చెప్పండి: 'నెలలో నాలుగుసార్లు బీపీ 90కి పడింది సార్. కుర్చీలో నుంచి లేవడానికి పోయిన నెల 14 సెకండ్లు, ఈ నెల 19. డ్రై వెయిట్ మార్చి ఆరు నెలలైంది. ఒకసారి చూస్తారా?' నిలబడినప్పటి బీపీ కూడా చూపించి, ఏ మాత్ర తగ్గించవచ్చో అడగండి.

డయాలసిస్ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా జరుగుతుంది. డయాలసిస్ వాళ్లకు ఎన్టీఆర్ భరోసా పింఛను నెలకు 10,000 రూపాయలు. ఇంకా రాకపోతే ఆస్పత్రి కాగితాలు పట్టుకుని సచివాలయంలో అడగండి. వచ్చాక అందులో గుడ్లకు కొంత ముందే పక్కన తీసి పెట్టండి.